పళ్లు చూసి కొన్న ఇరుసు

మా నాయనమ్మ జన్మలో రెండే కోరికలు కోరింది. ఒకటి, ప్రభువు రాకడను కళ్లారా చూడటం. అది తన చేతుల్లో పని కాదని తనే ఒప్పుకుంది. రెండోది, తను పుట్టిన ఊళ్లో పెద్దవీధి వాళ్ల మొహాలు కళ్లారా చూడటం. దానికి మాత్రం కారు కావాలంది.

మొహాలు చూడ్డానికి కారెందుకని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఆ ఊరు గురజాలకీ రెంటచింతలకీ మధ్య, రోడ్డు దిగి బండ్లబాట పట్టుకుని వెళ్తే వస్తుంది. పేరు చెప్పను. చెబితే ఆ వీధి వాళ్ల మనవలు కర్రలు పుచ్చుకుని నా మీదికొస్తారు, పలనాడులో కర్రలకేం కరువు లేదు. నాయనమ్మ వాళ్ల నాన్న ఆ ఊళ్లో చెప్పులు కుట్టేవాడు. పెద్దవీధి ఆసాములందరి కాళ్లకూ ఆయన కుట్టిన చెప్పులే. కుట్టిన జతలు ఇంటింటికీ చేరవేసే పని నాయనమ్మది. ఆ వీధిలో అడుగు పెట్టేముందు మా వాళ్లు తమ చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి, తల దించుకోవాలి. పెళ్లయి నరసరావుపేట వచ్చేదాకా నాయనమ్మ ఆ వీధిలో అట్లాగే తిరిగింది.

"కాళ్లయితే ఒక్కోటీ చెప్పగలనే. ఎవరి మడమ పగిలింది, ఎవరికి ఆనెలున్నాయి, ఎవరు పక్కకి ఒరిగి నడుస్తారు, అన్నీ తెలుసు. మొహాలే తెలవదు. ఒక్క మొహమూ చూళ్లా," అనేది.

"ఇప్పుడు స్వతంత్రం వచ్చిందిగా, నడిచెళ్లి చూడు," అన్నాను నేను. అప్పటికి నేను మిషను బడిలో పంతులమ్మని. పిల్లలకి పౌరశాస్త్రం చెప్పేదాన్ని, అందుకని స్వతంత్రం గురించి నాకంతా తెలుసనుకునేదాన్ని.

"నడిచిపోతే నా మెడ దానంతటదే వంగిద్దే," అంది. "కార్లో కూచుంటే వంగదు."

పౌరశాస్త్రం పుస్తకంలో మెడల గురించి ఒక్క పాఠమూ లేదు.

కోరిక పాతదే కానీ తొందర కొత్తది. నాయనమ్మ చూపు తగ్గుతోంది. మిషను ఆస్పత్రి డాక్టరు దొరసాని దీపం పెట్టి చూసి, ఇది శుక్లం కాదు, కోసి తీసేది కాదు, వెలుగు కొంచెం కొంచెంగా పోతుంది, తిరిగి రాదు అని చెప్పింది. దొరసాని తెలుగులో మాట్లాడితే అందరం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ఆ రోజు మాత్రం ఆమె తెలుగు మాకు చక్కగా అర్థమైంది. నాయనమ్మ ఏడవలేదు. "అయితే కారు సంగతి చూడండిరా," అంది.

కారు దొరికింది. దొరికిందనే అనాలి, అది కొన్న సరుకు కాదు. దొరసాని పని మానుకుని తన దేశం పోతూ ఆస్పత్రి పాత కారుని మా నాన్నకి ఇచ్చేసి పోయింది. యుద్ధానికి ముందు ఓడెక్కి వచ్చిన కారు అది. దాని హారను మోగితే దూడ అరిచినట్టుండేది. ఊళ్లో ఇంకెవరూ వద్దన్నాకే మా నాన్న దాకా వచ్చిందని అమ్మ అనుమానం. నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. సీసాల్లో ఎర్రనీళ్లూ పచ్చనీళ్లూ కలపడం వచ్చు, కారు తోలడం రాదు. కారు పక్కన నిలబడి సలహాలివ్వడం మాత్రం పుట్టుకతో వచ్చింది. తోలడం నాకు వచ్చు. దొరసాని డ్రైవరు తాగి కారుని రెండుసార్లు చెరువులోకి దింపాక, తాగని మనిషి ఎవరా అని చూసి ఆమె నాకు నేర్పింది. ఆడమనిషి కారు తోలుతుంటే నరసరావుపేట బజారులో జనం చేతిలో పని ఆపి చూసేవాళ్లు. నాకది బాగానే ఉండేది. ఇంకాస్త నెమ్మదిగా తోలేదాన్ని.

ఎండాకాలం సెలవులివ్వగానే బయల్దేరాం. నాయనమ్మ ముందు సీట్లో నా పక్కన, నాన్న సలహాలతో సహా వెనక సీట్లో. నాయనమ్మ కొత్త చెప్పులు వేసుకుంది. దారి పొడుగునా ఒక కాలు మీద ఒక కాలు వేసుకుని వాటినే చూసుకుంది. గురజాల దాటాం, బండ్లబాటలోకి దిగాం. రెండు పక్కలా బండిచక్రాల గాళ్లు, మధ్యలో నాపరాయి మిట్ట. నాన్న వెనకనుంచి "ఎడం పక్కకి, ఎడం పక్కకి" అన్నాడు. నేను మొండిగా కుడి పక్కకి తిప్పాను. లేకపోతే నాన్న చెప్పినట్టు ఎడమకే తిప్పానేమో. ఆ విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ రాజీ కుదరలేదు. వెనక ఫెళ్లుమంది. ఇంజను తిరుగుతోంది, కారు కదలదు. దిగి చూస్తే వెనక చక్రం ఒకటి తాగినోడిలా పక్కకి వాలి ఉంది, ఇరుసు విరిగింది.

"వీధి వచ్చిందా?" అంది నాయనమ్మ.

"రాలేదు. దిగు."

"వీధి రాకపోతే దిగేదేంది?" అని అట్లాగే కూచుంది.

పొలంలో ఉన్నవాళ్లని బతిమాలి ఎడ్లు కట్టించి కారుని మళ్లీ గురజాల లాగించుకొచ్చాం. ఆ దారంతా నాయనమ్మ కారు దిగలేదు. ఎడ్లని తోలేవాడికి లోపల్నుంచే అదిలింపులు చెబుతూ కూచుంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. ఆమె ఊరి పొలిమేర దాకా వచ్చి వెనక్కి పోతున్నందుకు మటుకు చానా బాధేసింది. ఆమె తల తిప్పి వెనకే చూస్తోంది, కళ్లు చిట్లించి. ఆ దూరంలో ఆమెకి ఏం కనపడుతుందో నాకు తెలుసు, ఏమీ కనపడదు.

గురజాలలో పాస్టరుగారు బడి పక్కన షెడ్డు ఇచ్చారు. కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారు. చానా సేపు చేశారు. అందులో మా పాపాలన్నీ వచ్చాయి గానీ ఇరుసన్న మాట ఒక్కసారీ రాలేదు.

ఇరుసు చూడ్డానికి నూనె ఇంజన్ల మేస్త్రి వచ్చాడు. ఆయన మడత నలగని తెల్ల ప్యాంటు వేసుకునే మనిషి. ఏ పనీ ముట్టుకోడు, వేలు చూపిస్తాడు. వేలు చూపించి ఆయన చెప్పిందేందంటే, కారు వెనక ఇరుసు ఎడ్లబండి ఇరుసులాగా ఒట్టి ఇనప కడ్డీ కాదట. మధ్యలో గుమ్మడికాయంత డొల్ల ఉంటుంది, దానికి రెండు పక్కలా చక్రాల దాకా పోయే రెండు గొట్టాలు, వాటిని బాకాలంటారు. డొల్లలో పళ్లచక్రాలు ఉంటాయి. ఇంజను చిన్న పళ్లచక్రాన్ని తిప్పితే అది పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది, ఆ పెద్దది బండి చక్రాల్ని తిప్పుతుంది. మాది లోపల కడ్డీ విరగడమే కాదు, విరిగిన ముక్క పోయి పళ్లన్నీ రాలగొట్టింది. మొత్తం ఇరుసే మార్చాలి.

ఊళ్లో కమ్మరి అతికిస్తానంటున్నాడు కదా అని నాన్న నసిగాడు.

"ఎరువు సొమ్ము బరువు చేటు, అతుకు ఇరుసు బతుకు చేటు," అన్నాడు మేస్త్రి. సగం సామెత, సగం ఆయన సొంత కవిత్వం. "మాచర్ల పోండి. డ్యాము పనుల్లో అరిగిపోయిన బళ్లన్నీ విప్పి అమ్ముతున్నారు. మీ కారుకి సరిపడేది అక్కడ లేకపోతే ఇంకెక్కడా లేదు."

మర్నాడు నాన్నా నేనూ బస్సెక్కబోతుంటే నాయనమ్మ ముందే ఎక్కి కూచుని ఉంది.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు నాన్న.

"ఎద్దుని కొనడానికి పోతా పళ్లు చూసేవాళ్లు లేకుండా పోతారా?"

"ఎద్దు కాదమ్మా, ఇరుసు."

"దానిక్కూడా పళ్లున్నాయన్నాడుగా ఆ తెల్ల ప్యాంటోడు."

మాచర్లలో ఆ పాత ఇనుము దొడ్డి చూస్తే నాకు యుద్ధం అయిపోయిన రంగం గుర్తొచ్చింది. ఆ ఎండకి ఇనుము మీద చెయ్యి పెడితే చర్మం అక్కడే ఉండిపోయేట్టుంది. దొడ్డి యజమాని సాయిబుగారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని మాకు మూడు ఇరుసులు చూపించారు.

మొదటిది జీపుది. దున్నపోతులాగా బలంగా ఉంది. నాన్నకి చూడగానే మనసు పడింది. కొలిస్తే మా కారు కంటే వెడల్పు, చక్రాలు రెండు పక్కలా బైటికి పొడుచుకొస్తాయి. "ఏం కాదు, కాస్త కనపడతాయి, అంతేగా," అన్నాడు నాన్న. పంచె కింద లాగు కనపడుతూ తిరిగే మనిషి ఆయన, అట్లాగే అంటాడు. నేను ఒప్పుకోలేదు.

రెండోది మా కారు జాతిదే, చిన్న లారీకి ఉండేదట. మొత్తం బిగించి సిద్ధంగా ఉంది. తీసుకుపోయి తగిలించడమే. నాకు అదే నచ్చింది. నాకు ఎందులోనైనా తగిలించడమే నచ్చుతుంది, విప్పడం నచ్చదు.

మూడోది కూడా అదే జాతి, కానీ ముక్కలు ముక్కలుగా ఉంది. బాకాలు ఒక మూల, డొల్ల ఒక మూల, పళ్లచక్రాలు గోనెసంచిలో. సాయిబుగారు కూడా దాన్ని మొహమాటంగానే చూపించారు.

నాయనమ్మ వంగి మొదట రెండోదాని డొల్ల మూత తీయించింది. కళ్లతో ఎట్లాగూ చూడలేదు, చెయ్యి లోపలికి పెట్టి వేలితో పళ్లు ఒక్కొక్కటే తడిమింది. ఎడ్ల సంతలో దవడ పట్టుకుని తడిమినట్టే. "ముసలెద్దురా ఇది. పళ్లరిగి మొద్దులైపోయాయి. రెండు సాళ్లు దున్నితే పడుకునిద్ది," అంది. తర్వాత గోనెసంచిలో చెయ్యి పెట్టింది. చెయ్యి వెంటనే వెనక్కి తీసింది, వేలి చివర నెత్తురు చుక్క.

"ఇదిరా," అంది సంతోషంగా. "రెండుపళ్ల కోడె. కరిచింది కూడా."

"అమ్మా, అది ముక్కలుగా ఉంది," అన్నాడు నాన్న.

"మేస్త్రి ఉన్నాడుగా బిగించడానికి. పళ్లు పోయినదానికి పళ్లు పెట్టగలడా వాడు?"

నేను గొడవ పెట్టుకున్నాను. ముక్కలు కలిపేసరికి వేసవి అయిపోతుంది, బడి తెరుస్తారు, నేను రాలేను, అప్పటికి నీ కళ్లు... అనబోయి ఆగిపోయాను. ఆమె నా వైపు తిరిగింది. నా మొహానికి కాస్త పక్కగా చూస్తూ, "అందుకేనే చెప్పేది," అంది. "ఈసారి ఇరగనిది కావాల. మళ్లీ ఇరిగితే మళ్లీ ఇంకో తూరి చూసేదానికి నా దగ్గర ఏముందే?"

నేను గోనెసంచి లాక్కొచ్చి సాయిబుగారి ముందు పెట్టాను. నాన్న జీపు ఇరుసుని చివరిసారి చూసుకుని ఇవతలికొచ్చాడు.

బేరం నాయనమ్మే చేసింది. సంతలో ఎడ్లబేరం తువ్వాలు కిందే జరుగుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. నాయనమ్మ చెయ్యి చాపి, "తువ్వాలు కప్పు సాయిబూ," అంది. ఆడమనిషితో తువ్వాలు బేరం ఆయన జన్మలో ఎరగడు. ఎర్రబడిపోయి, చుట్టూ చూసి, నెత్తిమీది తడి తువ్వాలు తీసి కప్పాడు. దొడ్డిలో పనివాళ్లంతా చేరారు. ఆ తువ్వాలు కింద ఏం జరిగిందో గానీ సాయిబుగారు మధ్యలో ఒకసారి "అమ్మా, వేలు విరుగుద్ది!" అన్నారు. ఎంతకి తెగిందో ఆ తువ్వాలుకే తెలియాలి.

ముక్కలన్నీ బస్సు టాపు మీద వేయించాం. బాకాలు రెండూ పైకి లేచి కనపడుతుంటే రెంటచింతలలో బస్సెక్కిన ఒక పెద్దాయన, "ఎక్కడికండీ ఫిరంగులు?" అని అడిగాడు. "మా పుట్టింటికి," అంది నాయనమ్మ.

ఇక బిగింపు. ఆ రోజు మేస్త్రి దాచేపల్లిలో పెళ్లికి పోవాలి. తెల్ల ప్యాంటుకి తోడు తెల్ల చొక్కా కూడా తగిలించి, అత్తరు పూసుకుని వచ్చాడు. మురికి అంటకుండా కారు ముందువైపు కుర్చీ వేయించుకుని కూచుని వేలు చూపిస్తుంటే, నాన్నా నేనూ వెనక నేల మీద కూచుని గ్రీజులో మునిగి బిగించాం. చిన్న పళ్లచక్రం పెట్టాం. పెద్ద పళ్లచక్రం దగ్గర ఆగాం. అది డొల్లలో ఏ పక్కనైనా కూచుంటుంది, ఈ బాకా పక్కనా, ఆ బాకా పక్కనా.

"ఏ పక్కనండీ?" అని అరిచాడు నాన్న.

"కుడి పక్క," అన్నాడు మేస్త్రి గడియారం చూసుకుంటూ.

"కుడి అంటే వలపట," అని నాన్న నాకు విడమరిచి చెప్పాడు, నేనేదో దేశం కాని దేశంనుంచి వచ్చినట్టు. మా వైపు బండికి కుడి ఎడమలుండవు. ఎడమ ఎద్దు దాపటిది, కుడి ఎద్దు వలపటిది. బండి తోలేవాడు వెనక కూచుని ముందుకు చూస్తాడు, ఆయన కుడి చెయ్యే వలపట. ఎవరు ఎటు నిలబడి చూసినా వలపట వలపటే, మారదు. మేము వెనక కూచుని ముందుకు చూస్తూ, వలపట పెట్టి బిగించేశాం. మేస్త్రి పెళ్లికి పోయాడు. నెల్లూరు దాకా మేనమామలున్న పెళ్లి అది, ఇప్పట్లో రాడని తర్వాత తెలిసింది.

చక్రాలు తగిలించాం. పాస్టరుగారు ఇంకోసారి ప్రార్థన చేశారు. ఈసారి ఇరుసుని కూడా కలిపారు, బహుశా అక్కడే తేడా వచ్చింది. నేనెక్కి స్టార్టు చేసి, మొదటి గేరు వేసి, క్లచ్చి వదిలాను. కారు జుయ్యిమని వెనక్కి పోయి బడి గోడకి గుద్దుకుంది.

తప్పు గేరు పడిందనుకుని రెండోది వేశాను. ఇంకా జోరుగా వెనక్కి. మూడోది వేసే ధైర్యం లేకపోయింది. చివరికి వెనక గేరు వేస్తే కారు నత్తలాగా మూలుగుతూ ముందుకి నడిచింది. పాస్టరుగారు "స్తోత్రం" అన్నారు అలవాటు కొద్దీ.

విషయం అర్థమయ్యేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రి కూచున్నది ముందువైపు, మాకు ఎదురుగా. ఆయన కుడి మాకు ఎడమ. ఆయన తన చెయ్యి చూసుకుని కుడి అన్నాడు, మేము బండివాళ్లలాగా వలపట అనుకున్నాం. పెద్ద పళ్లచక్రం ఉండాల్సింది దాపట. ఆ పక్కన ఉంటే చక్రాలు ముందుకు తిరుగుతాయి, ఈ పక్కన ఉంటే అన్నీ తిరగబడతాయి. "కుడి అన్నాడు, కుడే పెట్టాం," అని నాన్న సాక్ష్యం చెప్పినట్టు చెబుతున్నాడు. నేను స్పానరు నేలకేసి కొట్టాను. నాకు కోపమొచ్చినా ఏడుపే వస్తుంది, ఏడ్చాను.

నాయనమ్మ మాత్రం తననే తిట్టుకుంది. "ఎద్దయితే దాపటిదా వలపటిదా అని అడక్కుండా తోలుకొస్తామా? ఇనప్పెద్దు గదా, దానికి పక్కలేందిలే అనుకున్నా. దాపటెద్దుని వలపట కడితే ఎదురు తిరగక ఏం చేసిద్ది?"

మళ్లీ విప్పుదామన్నాడు నాన్న. విప్పడానికి కావాల్సిన పెద్ద స్పానర్లు బిగింపు అయిపోయిందని మేస్త్రి సంచిలో వేసుకుని పోయాడు. వచ్చాక చూద్దామన్నాడు నాన్న. ఆ పొద్దున నాయనమ్మ కాఫీగ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకోవడం నేను చూశాను. నాన్న కూడా చూశాడు.

"ముందుకి ఒక గేరుందిగా," అంది నాయనమ్మ. "మూడు కోసుల దూరానికి ఎన్ని గేర్లు కావాలే నీకు?"

పొద్దున్నే బయల్దేరాం. ఆ వెనక గేరు, అంటే ఇప్పుడు ముందు గేరు, అంత దూరం వేయడానికి చేసింది కాదు. నిమిషానికోసారి జారిపోయేది. నాన్న వెనక సీట్లోంచి ముందుకు వంగి రెండు చేతులతో గేరు కర్రని అదిమి పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి సలహా ఇవ్వకుండా సాయం చేశాడు. గొర్రెలు మమ్మల్ని దాటుకుని పోయాయి. ఊరి ముందు కళ్లాల దగ్గరికి వచ్చేసరికి గేరు పూర్తిగా చేతులెత్తేసింది. వేస్తే పడదు, పడితే నిలవదు. ఇక మిగిలినవి మూడే గేర్లు, మూడూ వెనక్కి పోయేవే.

"నడుద్దాం అమ్మా. ఇంత దాకా వచ్చాం, వీధి అదిగో," అన్నాడు నాన్న.

నాయనమ్మ రెండు చేతులతో సీటు పట్టుకుంది. "నేను దిగను. దిగితే వంగిద్ది," అంది. "బండి ఎనక్కి పోద్దిగా? పోనీ. వీధిలో పోవాలన్నా గానీ ముందుకే పోవాలని నేనెప్పుడన్నా?"

కళ్లంలో వెనకెనక్కే పెద్ద చుట్టు చుట్టి కారు తోక ఊరివైపు తిప్పాను. మెడ వెనక్కి తిప్పి, వెనకద్దంలోంచి చూస్తూ మొదటి గేరు వేశాను. అట్లా మేము పెద్దవీధిలోకి దూరాం, వెనక వైపు ముందు పెట్టుకుని.

వీధి మొగలో ఎవడో "ఒరేయ్, కారు ఎనకెనక్కి పోతందిరోయ్!" అని కేకేశాడు. అంతే. అరుగుల మీదివాళ్లు లేచారు, ఇళ్లలోవాళ్లు బైటికొచ్చారు, ఎంగిలి చేతులతో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కారు దాటిపోగానే అందరూ దాని వెంట పడ్డారు. మామూలుగా కారు వెంట పడ్డవాళ్లకి కారు వీపూ దుమ్మూ కనపడతాయి, లోపల కూచున్నవాళ్లకి వాళ్లు కనపడరు. ఇక్కడ కారు మొహం వాళ్లవైపే ఉంది. ఊరు ఊరంతా ముందద్దానికి ఎదురుగా, మా నాయనమ్మ మొహంలోకి చూస్తూ నడిచొస్తోంది. నాకు వాళ్లెవరూ కనపడలేదు, నా మెడ వెనక్కి తిరిగి ఉంది. పక్కనుంచి నాయనమ్మ గొంతు మాత్రం వినపడుతోంది.

"ఇదుగో ఒకడు, బుంగమూతి... వీడెవడే ఇంత చెవులేసుకుని... ఈ ముసలామె ఎవరో పళ్లన్నీ పోయాయి, పాపం... నిదానంగా పోనీ అమ్మాయా, ఒక్కొక్కళ్లూ దగ్గరికి వస్తన్నారు... ఇంకా నిదానంగా..."

వీధి మధ్యలో పెద్దిల్లు. ఆ ఇంటి అరుగు మీద బల్లకుర్చీలో ఒక ముసలాసామి కూచుని ఉన్నాడు. కారు అరుగు పక్కకి రాగానే నాయనమ్మ ఆపమంది. నాన్న వెనకనుంచి "వద్దు, పోనీ" అన్నాడు. నేను ఆపాను.

"ఎవరే నువ్వు?" అన్నాడు ఆయన.

"మీకు చెప్పులు కుట్టినాయన కూతుర్ని," అంది నాయనమ్మ కిటికీలోంచి. తల ఎత్తే ఉంది.

ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఓహో. మరి నేనెవరో గుర్తుపట్టావా?"

నాయనమ్మ కళ్లు చిట్లించి ఆయన మొహాన్ని పైనుంచి కింద దాకా తీరుబడిగా చూసింది, ఇరుసు పళ్లు తడిమినంత శ్రద్ధగా. "మొహం చూస్తే తెలవడంలా," అంది. "కాళ్లు కనపడనీండి, చెబుతా."

ఆయన కాళ్లు రెండూ బల్లకుర్చీ కిందికి లాక్కున్నాడు. కారు ముందు నిలబడ్డవాళ్లలో కొందరు తమ కాళ్ల వైపు చూసుకున్నారని నాన్న తర్వాత చెప్పాడు. నేను స్టీరింగుకి నుదురు ఆనించుకుని నవ్వు ఆపుకోలేక చచ్చాను. నవ్వుతోపాటు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఈసారి కోపం వల్ల కాదు.

వీధి చివరే మా వాళ్ల పల్లె. అక్కడిదాకా వెనకెనక్కే పోయాం. ఆ కథ విని గురజాల పాస్టరుగారు వచ్చే ఆదివారం ప్రసంగానికి సరిపోయే వాక్యం వెతుక్కున్నారు. కడపటివారు మొదటివారగుదురన్నదే అది. మేస్త్రి పెళ్లినుంచి తిరిగొచ్చాక ఇరుసు విప్పి పెద్ద పళ్లచక్రాన్ని దాపటికి మార్చారు, కారు బుద్ధిగా ముందుకే పోయేది. వానలు పట్టేసరికి నాయనమ్మకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. ఇరుసు మాత్రం ఆమె చెప్పినట్టే మళ్లీ విరగలేదు.

ఆ రోజు పల్లెలో కారాగగానే నాయనమ్మ చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఊళ్లోనే ఉన్న మనిషి, ఇంకా ఆ వీధిలో చెప్పులు విప్పే నడుస్తుంది. తలుపు తీసి, అక్క చెయ్యి పట్టుకుని, పెళ్లికొడుకుని చూసొచ్చినవాళ్లని అడిగినట్టు గుసగుసగా అడిగింది.

"ఎట్టున్నారే?"

నాయనమ్మ కొత్త చెప్పుల కాళ్లు నేల మీద పెట్టి నిలబడింది, చీర సర్దుకుంది.

"ఏముందే, అందరి మొహాల్లాగే ఉండాయి," అంది. "వాటికంటే చెప్పులే బాగుండేయి. అయ్యి మన నాయన కుట్టినయ్యిగా."

తర్వాత మంచినీళ్లు అడిగింది.